కలిసి ఉండటం మొదలుపెట్టాక బెనిఫిట్స్ సంగతి: ఈ అడ్వైస్ సెంటర్‌కి 5కి 4 స్టార్లు

యూకేలో పిల్లలతో ఒంటరిగా ఉంటూ యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) తీసుకుంటున్న మన తెలుగు ఆడవాళ్ళు ఎవరైనా, ఒక తోడు దొరికి ఒకే ఇంట్లోకి మారుదామని అనుకుంటుంటే, సామాన్లు సర్దకముందే ఇక్కడికి వెళ్ళి మాట్లాడండి. ఛారిటీ వాళ్ళు నడిపేది, ఫీజు ఏం లేదు.

నాకు ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది, నేను కలిసి ఉండబోయే ఆయన స్కిల్డ్ వర్కర్ వీసా (ఉద్యోగం మీద వచ్చే వీసా) మీద ఉన్నారు. తెలిసినవాళ్ళంతా చెప్పింది ఏంటంటే వారానికి మూడు రాత్రులు దాటకపోతే కపుల్ కింద లెక్క రాదు, పెళ్ళి రిజిస్టర్ కాకపోతే అసలు చెప్పక్కర్లేదు అని. ఇక్కడి అడ్వైజర్ ఆవిడ ముందు ఆ మాటే కొట్టిపారేశారు. రాత్రుల లెక్క రూల్‌లోనే లేదంట, ఒకే ఇంట్లో భార్యాభర్తల్లా ఉంటున్నారా, ఖర్చులు కలిపి పెట్టుకుంటున్నారా, నలుగురికీ జంటగానే తెలుసా, ఇవన్నీ కలిపి చూస్తారంట, అందుకే ఒకే ఇంట్లోకి మారగానే యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ అకౌంట్‌లో చెప్పేయమన్నారు, దాచి తీసుకున్న డబ్బు తర్వాత వెనక్కి కట్టాల్సిందే, పైన పెనాల్టీ కూడా పడొచ్చు.

ఇద్దరికీ అర్హత ఉంటే జాయింట్ క్లెయిమ్, అంటే ఇద్దరికీ కలిపి ఒకటే, అవుతుంది. 2025-26 రేట్లలో 25 ఏళ్ళు నిండిన సింగిల్‌కి స్టాండర్డ్ అలవెన్స్ (అందులో అందరికీ ఇచ్చే మూల మొత్తం) నెలకి 400.14 పౌండ్లు, జంటకి 628.10 ఉండేది, అంటే విడివిడిగా ఇద్దరికి వచ్చేదానికంటే 172 పౌండ్లు తక్కువ. మా కేసు అది కాదు. ఆయన ఫోన్‌లో ఈ-వీసా తెరిస్తే ఆవిడ ‘పబ్లిక్ ఫండ్స్ లేవు’ (అంటే ప్రభుత్వ బెనిఫిట్స్ తీసుకోకూడదు) అనే లైన్ మీద వేలు పెట్టి, చూడమ్మా, నీకు సింగిల్ రేటే ఇస్తారు, కానీ ఈయన జీతం, సేవింగ్స్ మాత్రం పూర్తిగా లెక్కలోకి వస్తాయి అన్నారు. నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది, ఆయన పేరున పైసా ఇవ్వరు గానీ ఆయన జీతం చూసి నాకొచ్చేది కోస్తారు.

తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గీసి ఒకవైపు నాది ఒకవైపు ఆయనది రాస్తూ, ఇండియాలో ఏమైనా ఉందా అని అడిగారు. గుంటూరు దగ్గర ఆయన పేరున ఒక ప్లాటు, బ్యాంకులో ఎఫ్‌డీ ఉన్నాయి. అవి ఇండియాలో ఉన్నా క్యాపిటల్ (పొదుపు, ఆస్తి) కిందే లెక్క, 16,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ రాదు, ఆ లిమిట్ ఒక్కరికైనా ఇద్దరికైనా ఒకటే. 6,000 దాటిన దగ్గర్నుంచే కోత మొదలు, ప్రతి 250కి నెలకి 4.35 పౌండ్ల లెక్కన. ఒంటి మీద వేసుకునే బంగారం మాత్రం సొంత వస్తువుల కిందకి వస్తుంది కాబట్టి లెక్కలో పెట్టరు, ఈ మాట విన్నాక కొంచెం ఊపిరి పీల్చుకున్నా.

నేను అడగకుండానే చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు) గురించి కూడా చెప్పారు. కలిసి ఉండేవాళ్ళలో ఎక్కువ సంపాదించేవాళ్ళ ఆదాయం ఏడాదికి 60,000 పౌండ్లు దాటితే టాక్స్ రూపంలో వెనక్కి లాగుతారు, 80,000కి వచ్చేసరికి మొత్తం పోతుంది, బిడ్డ ఆయనది కాకపోయినా సరే. ఒంటరిగా ఉన్నందుకు కౌన్సిల్ టాక్స్‌లో (ఇంటి మీద స్థానిక కౌన్సిల్‌కి కట్టే పన్ను) వచ్చే 25 శాతం తగ్గింపు కూడా ఇద్దరు పెద్దవాళ్ళు అయ్యాక ఉండదు, అది కౌన్సిల్‌కి మనమే విడిగా చెప్పుకోవాలి.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే లోపల అంత ఓపిగ్గా మాట్లాడతారు గానీ ముందు కౌంటర్ దగ్గర, క్యూలో అందరూ వింటుండగా, ఎవరితో ఉంటున్నారు, ఎప్పట్నుంచి అని గట్టిగా అడుగుతారు. నా వెనకే మన తెలుగు కుటుంబం ఒకటి నిలబడి ఉంది, తల ఎత్తలేకపోయాను. ఆ రెండు ప్రశ్నలు ఒక ఫారంలో రాయించుకుంటే సరిపోయేది, దయచేసి ఇది మార్చండి.

వెళ్ళేటప్పుడు ఇద్దరి పేస్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇండియా ప్లాటు కాగితాలు, వీసా వివరాలు పట్టుకెళ్ళండి, ఆయన్ని కూడా వెంట తీసుకెళ్ళండి, సగం ప్రశ్నలు ఆయన్నే అడుగుతారు.