పదమూడేళ్లు క్రెడిట్ కార్డు వాడాక

మొదటి కార్డు 2012లో నా చేతికి వచ్చింది. విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరి అప్పటికి రెండేళ్లు. జీతం ఖాతా ఉన్న బ్యాంకువాళ్లే వచ్చి, స్టాఫ్‌రూంలో కూర్చుని ఫారాలు నింపించుకున్నారు. పరిమితి 40,000. ఇప్పుడు 2025. ఈ పదమూడేళ్లలో ఆ కార్డు వల్ల మేలు పొందాను, మూడున్నరేళ్లు దాని అప్పులో నలిగాను, తీర్చేశాక మళ్లీ అదే కార్డును నాలుగేళ్లుగా పైసా వడ్డీ కట్టకుండా వాడుతున్నాను. కొత్తగా కార్డు తీసుకునేవాళ్లకు, ఇప్పటికే బాకీలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి అయిదేళ్లు ఏ ఇబ్బందీ లేదు. నెలనెలా బిల్లు మొత్తం కట్టేదాన్ని. అలా కట్టినంతకాలం కార్డు నిజంగా మంచి వస్తువు. బిల్లు వచ్చిన మర్నాడు ఏదైనా కొంటే దాదాపు యాభై రోజుల దాకా వడ్డీ లేకుండా వాడుకోవచ్చు.

2017 ఆగస్టులో ఒక రాత్రి నాన్నకు గుండెనొప్పి వచ్చింది. స్టెంటు వేయాలన్నారు. అప్పటికి బ్యాంకువాళ్లు నేను అడగకుండానే పరిమితిని 1,50,000కు పెంచారు. ఆసుపత్రి కౌంటర్‌లో 70,000 కార్డు మీదే కట్టాను. ఆ పని చేసినందుకు నాకు ఇవాళ్టికీ విచారం లేదు. తప్పు జరిగింది ఆ తర్వాతి నెల. బిల్లులో రెండు అంకెలు ఉన్నాయి: మొత్తం బాకీ ఒకటి, కనీస చెల్లింపు ఒకటి. రెండోది మూడున్నర వేల చిల్లర. అది కట్టేసి, ఈ నెలకు గండం గడిచిందనుకున్నాను. తర్వాతి నెలా అంతే.

అప్పుడు నాకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. పాత బాకీ కాస్త మిగిలి ఉన్నా, కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు వర్తించదు. సరుకులు కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నేనేమో బియ్యం, నూనె, పిల్లల పుస్తకాలు అన్నీ దాని మీదే తెస్తూ వచ్చాను. 2020 ఫిబ్రవరికి బాకీ 96,000 అయింది.

మార్చిలో కాలేజీలు మూతపడ్డాయి. మాకు సగం జీతమే ఇచ్చారు. రిజర్వు బ్యాంకు ప్రకటించిన మారటోరియం, అంటే వాయిదాలు కొన్నాళ్లు కట్టకుండా ఆపుకునే వీలు, కార్డు బాకీలకూ వర్తిస్తుందని తెలిసి, ఆగస్టు దాకా ఆరు నెలలూ వాడుకున్నాను. వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు. కార్డు బయటికి తీయకపోయినా బాకీ 1,22,000 దాటింది. ఆ నవంబరులో చక్రవడ్డీకీ బారువడ్డీకీ ఉన్న తేడాను కేంద్రం ఖాతాల్లో జమ చేయించింది. నాకు పడింది వందల్లోనే.

అక్టోబరులో ఒక సాయంత్రం బిల్లు కాగితం, పెన్సిలు పట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. నాన్న అప్పుడు మా దగ్గరే ఉన్నారు. తెనాలి దగ్గర పల్లెలో జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి.

"ఎంత వడ్డీ అమ్మా అది?" అని అడిగారు.

"నెలకు మూడున్నర శాతం నాన్నా. దాని మీద జీఎస్టీ."

"అంటే మూడున్నర రూపాయల వడ్డీ" అన్నారు. కాసేపు మాట్లాడలేదు. "మన ఊళ్లో ప్రామిసరీ నోటు రాస్తే రెండు రూపాయలకు ఇస్తారు. మూడు రూపాయలు అడిగేవాడి గడప నేనెప్పుడూ తొక్కలేదు."

ఆ అప్పు ఎక్కడ మొదలైందో ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. కానీ ఆ మాటతో నాకు లెక్క మొదటిసారి అర్థమైంది. శాతాలంటే నాకు బడిలో నేర్చుకున్న అంకెలు. నూటికి ఇన్ని రూపాయలంటే మాత్రం ఇంట్లో పుట్టినప్పటి నుంచి విన్న భాష. మూడున్నర మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. కాగితం మీద వేశాను: 1,22,000కు నెల వడ్డీ 4,270. జీఎస్టీ 769. మొత్తం 5,039. కనీస చెల్లింపు 6,100. అంటే జీతంలోంచి ఆరు వేల పైచిలుకు తీసి కడితే, అసలులో తగ్గేది 1,061 రూపాయలు. ఆ అంకె కింద రెండు గీతలు గీశాను.

కనీస చెల్లింపు మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి ఏళ్లు పడుతుందనే హెచ్చరిక బిల్లులోనే ఉంటుంది. కానీ ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, ఎవరూ చదవని చోట. మూడేళ్లు నా చేతిలోకి వచ్చిన కాగితమే అది.

తీర్చడానికి గొప్ప కిటుకేమీ లేదు. కార్డు వడ్డీ కన్నా తక్కువ వడ్డీకి దొరికే డబ్బు నాకు ఎక్కడెక్కడ ఉందో వెతికాను. లక్ష రూపాయల చీటీ నడుస్తోంది, నెలకు అయిదు వేలు. చివరిదాకా ఆగి ఎత్తుదామనుకున్నదాన్ని, 2021 జనవరిలో ఇరవై వేలు తగ్గించి పాట పాడాను. చేతికి 80,000 వచ్చాయి. ఇరవై వేలు పోయాయని మావారు బాధపడ్డారు. కార్డు మీద ఆ ఎనభై వేలకు ఆరు నెలల వడ్డీయే దాదాపు అంత అవుతుందని వేసి చూపించాను. మిగతాదానికి నా గాజుల్లో రెండు బ్యాంకులో తాకట్టు పెట్టి 45,000 తెచ్చాను. ఏడాదికి తొమ్మిది శాతం, అంటే ముప్పావలా వడ్డీ. మొదటి నెల వడ్డీ 337 రూపాయలు. అదే 45,000 కార్డు మీద ఉంటే 1,858 అయ్యేది.

బాకీ 1,18,700 ఒకేసారి కట్టేశాను. ఇక్కడ ఒక జాగ్రత్త. బిల్లులో ఉన్నదంతా కట్టినా, బిల్లు తేదీ నుంచి కట్టిన రోజు దాకా అయిన వడ్డీ తర్వాతి బిల్లులో వస్తుంది. నాకు 1,934 వచ్చింది. అయిపోయిందనుకుని ఆ బిల్లు తెరవకపోతే, ఆ చిన్న మొత్తం మీద ఆలస్య రుసుము పడి మళ్లీ మొదటికి వస్తుంది. గాజులు పదకొండో నెలలో ఇంటికి వచ్చాయి.

మా పెద్దమ్మగారి అబ్బాయి వేరే దారిలో వెళ్లాడు. 1,90,000 బాకీకి, 80,000 కడితే చాలు సెటిల్‌మెంట్ చేస్తామని ఫోన్లో చెబితే ఒప్పుకున్నాడు. మన అప్పుల చరిత్ర రాసి ఉంచే సిబిల్ రికార్డులో అది, పూర్తిగా తీర్చినట్టు "క్లోజ్డ్" అని కాకుండా, తక్కువకు ఒప్పందం చేసుకున్నట్టు "సెటిల్డ్" అని పడింది. రెండేళ్ల తర్వాత ఇంటి రుణానికి వెళ్తే ఆ ఒక్క మాట చూసి కాదన్నారు. ఇంకే దారీ లేనివాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ మాట రికార్డులో పడుతుందని ముందే తెలిసి ఒప్పుకోవాలి. వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టంగా చెప్పింది. అది కూడా అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా వాడకం ఇలా ఉంది. ముందు గడువు తేదీ మార్పించుకున్నాను. జీతం 5న పడితే గడువు 3న ఉండేది. ఆ రెండు రోజుల తేడాతోనే చాలాసార్లు కనీస చెల్లింపుతో సరిపెట్టాను. బిల్లింగ్ తేదీ మార్చమని అడిగే హక్కు మనకుంది. ఇప్పుడు గడువు 18. బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్టుకునేలా ఆటో డెబిట్ పెట్టాను. అందులో "కనీస మొత్తం", "పూర్తి మొత్తం" అని రెండు ఎంపికలుంటాయి. చాలామందికి తెలియకుండా మొదటిదే ఉండిపోతుంది, ఒకసారి తెరిచి చూసుకోండి. పరిమితిని 60,000కు తగ్గించమని రాసి ఇచ్చాను. విదేశీ లావాదేవీలు ఆపేశాను. ఏటీఎంలో దీంతో నగదు ఎన్నడూ తీయను. దానికి రుసుముతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసే వీలు 2022లో వచ్చింది. మూడు నెలలు వాడి తీసేశాను. కూరగాయలకూ కొత్తిమీరకూ కూడా అప్పే చేస్తున్నట్టయింది, బిల్లు మూడు పేజీలు వచ్చింది.

మధ్యలో ఇంకో బ్యాంకు కార్డు ఒకటి తీసుకుని 2022లో రద్దు చేశాను. రద్దు చేయమంటే ఏదో ఒక కొత్త ఆఫరు చెప్పి ఫోను పెట్టేసేవారు. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసేయాలని, లేకపోతే రోజుకు 500 చొప్పున ఖాతాదారుకు చెల్లించాలని ఆ ఏడాది జులై నుంచి రూలు ఉంది. అది ఉటంకిస్తూ ఈమెయిల్ రాశాను. నాలుగో రోజుకు మూసేశారు.

పాయింట్ల సంగతి. నెలకు పదిహేను వేల దాకా వాడితే నాకు ఏడాదికి 1,800 విలువైన పాయింట్లు వస్తాయి. ఆనాడు ఒక్క నెలలో కట్టిన వడ్డీలో సగం కూడా కాదు. వాటి కోసం కార్డు తీసుకోవాల్సిన పని లేదు. నాకు నిజంగా ఉపయోగపడింది వేరే. గతేడాది ఒక దుకాణంలో ఒకే వస్తువుకు రెండుసార్లు డబ్బు పడితే, ఫిర్యాదు చేశాక బిల్లులోంచి తీసేశారు. నా ఖాతాలో డబ్బు కదలలేదు. సిబిల్ స్కోరు 668 నుంచి 781కి వచ్చింది. ఇప్పుడు నాన్నకు, మాకు ఆరోగ్య బీమా ఉంది. ఆ ప్రీమియం ఏటా ఈ కార్డు మీదే కట్టి, గడువు లోపు తీర్చేస్తాను.

నెల జీతం ఖాతాలో ఉండి, దానికి బదులుగా కార్డు వాడేవాళ్లకు ఇది మంచిదే. జీతం చాలక కార్డు తీసేవాళ్లు మాత్రం ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నా దీనికన్నా నయం. కార్డు వడ్డీ ముప్పై శాతం దాటకూడదన్న 2008 నాటి వినియోగదారుల కమిషన్ తీర్పును కూడా 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ అంకెను మనమే చూసుకోవాలి. బిల్లు మొదటి పేజీలో, మొత్తం బాకీ పక్కనే, "నూటికి నెలకు ఇన్ని రూపాయల వడ్డీ" అని తెలుగులో అచ్చు వేయమని మా బ్యాంకుకు రెండుసార్లు రాశాను. ఇంకా జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.