చంద్రగిరిలో రాయల ఎదుట అరగంట

తిరుపతి వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా, చంద్రగిరి కోటకి శుక్రవారం వెళ్ళకండి. ఆ రోజు మ్యూజియానికి సెలవు. ఈ ఒక్క ముక్క తెలియక మేము 900 రూపాయలు పోగొట్టుకున్నాం.

గురువారం దర్శనం బాగా అయింది, గది కూడా శుభ్రంగానే ఉంది. మర్నాడు అమ్మ, చెల్లెలు, నేను ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ 900. "మ్యూజియం చూపించి తీసుకొస్తా" అన్నాడు. తీరా వెళ్తే టికెట్ కౌంటర్ మూసి ఉంది. "శుక్రవారం గదా సార్" అన్నాడు వాచ్‌మన్. ఆటో అతన్ని నిలదీస్తే "నన్నెవరడిగినారు?" అన్నాడు. రోజూ ఆ దారిలో తిరిగే మనిషికి తెలియకుండా ఉంటుందా? పైసా తగ్గించలేదు. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం వచ్చిన అమ్మ, గది చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బు పోయినదానికన్నా నాకు అదే ఎక్కువ బాధ.

శనివారం పట్టుబట్టి మళ్ళీ తీసుకెళ్ళాను. ఈసారి ఆర్టీసీ బస్సు, ముగ్గురికీ వందలోపే. బస్సు దిగాక కోటదాకా ఆటోకి 60, టికెట్టు తలా 25. మీరూ ఇలాగే వెళ్ళండి.

మ్యూజియం ఉన్నది రాజమహల్‌లోనే. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తుల మేడ, ఎక్కడా కర్ర వాడలేదు. రాతి శిల్పాలు చాలానే ఉన్నాయి గానీ నేను త్వరత్వరగా దాటేశాను. కాళ్ళు కదలనిది శ్రీకృష్ణదేవరాయల విగ్రహం ముందు. పక్కన ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి. తిరుమల గుడి మహాద్వారం దాటగానే ఉండే విగ్రహాలకి ఇవి నకళ్ళు. ఇన్నేళ్ళుగా కొండకి వెళ్తున్నా అక్కడ వాటిని నిలబడి చూసింది లేదు. వెనక జనం తోస్తుంటారు, మన ధ్యాసంతా లోపల స్వామి మీదే.

ఇక్కడ తోసేవాళ్ళు లేరు. తలమీద పొడవాటి కుళ్ళాయి టోపీ, మెడలో హారాలు, ఆ తర్వాత చూపు చేతుల దగ్గర ఆగిపోయింది. కత్తి లేదు, రెండు చేతులూ జోడించి ఉన్నాయి. 1513లో మొదలుపెట్టి ఏడుసార్లు కొండకొచ్చిన రాజు. తల్చుకుంటే సింహాసనం మీద కూర్చున్నట్టు విగ్రహం చేయించుకునేవాడే. భక్తుడిలా నిలబడ్డాడు. నకలే అయినా నాకు గొంతు పట్టేసింది.

అమ్మ చాలాసేపు చూసి, "రాజై ఉండీ మనమాదిరే మొక్కుకుంటా నిలబడినాడే" అంది. తర్వాత ఇద్దరు రాణుల్లో తిరుమలదేవి ఎవరని చెల్లెలితో వాదన. నిన్నటి అలక ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. అరగంట అయినా కదలలేదు, మోకాళ్ళ ఊసే ఎత్తలేదు.

రాణీమహల్ బయటి నుంచే చూసి బస్సెక్కాం. కిటికీ పక్క సీట్లో కూర్చుని అమ్మ అంది: "ఈసారి కొండకి పోయినప్పుడు మహాద్వారం కాడ నా చెయ్యి గట్టిగా పట్టుకోండి. ఆయన్ని చూసేదాకా నన్ను తొయ్యనీకండి."