ఫోలీ పైపు ఉంచాలా, పూటపూటా వేసి తీయాలా?

తీవ్రమైన కోవిడ్‌తో వారాల తరబడి ఐసీయూలో ఉండి వచ్చినవాళ్లలో కొందరికి అక్కడ వేసిన మూత్రం పైపు తీస్తే మూత్రం రాదు. పొత్తికడుపు ఉబ్బుతుంది. అప్పుడు దారులు రెండు: ఫోలీ క్యాథటర్ (మూత్రాశయంలోనే ఉండి, మూత్రాన్ని సంచిలోకి పంపే పైపు) అలాగే ఉంచడం, లేదా రోజుకు 4–6 సార్లు సన్నటి పైపు వేసి, ఖాళీ చేసి, తీసేయడం.

ఖర్చు: ఫోలీ చవకే, గడువుకు మార్చాలి. రెండోదానికి పైపులు కొంటూనే ఉండాలి.

శ్రమ: ఫోలీకి సంచి ఖాళీ చేస్తే చాలు. కానీ సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే, నేలకు తగలకుండా వేలాడాలి. మంచం మీద పేషెంటు పక్కనే పెట్టేస్తుంటారు, మూత్రం వెనక్కి పారేది అలాగే. రెండోదానికి సబ్బు, పైపు సులువుగా జారడానికి జెల్లీ, బోలెడు ఓపిక కావాలి.

ఇన్ఫెక్షన్: అసలు తేడా ఇక్కడే. ఫోలీ ఉన్న ప్రతిరోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3–7 శాతం. నెల దాటితే దాదాపు అందరికీ చేరుతుంది. కాబట్టి జ్వరం, వణుకు లాంటివేవీ లేకుండా కల్చర్ రిపోర్టు (మూత్రంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) ఒక్కటే చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టమంటే, ఎందుకని అడగండి. రెండో దారిలో ముప్పు తక్కువ. స్టెరైల్ గ్లోవ్స్ లేకున్నా శుభ్రంగా, వేళకు ఖాళీ చేస్తే చాలని అమెరికా డాక్టర్ జాక్ లాపిడెస్ 1972లోనే చూపారు.

మంచం దిగలేని మనిషికి, చేసేవాళ్లు లేని ఇంటికి ఫోలీ. కూర్చోగలిగి, చేతులు ఆడితే రెండోదే నయం. నర్సు దగ్గర నేర్చుకోవచ్చు. ఏదైనా సరే, చలిజ్వరం వచ్చినా, నడుము పక్కన నొప్పి పుట్టినా, పైపు మూసుకుపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.