పద్దెనిమిది నెలల్లో మ్యాథ్స్ ఎడ్యుకేషన్ పీహెచ్‌డీ అంటే నమ్మకండి, డబ్బు కట్టకండి

ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి. ఆ కన్సల్టెన్సీ ఏదో మీకు తెలుసు, మన టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి ఆదివారం పోస్టు పెట్టేది వాళ్ళే. ఎంట్రన్స్ లేదు, సెలవు పెట్టక్కర్లేదు, పద్దెనిమిది నెలల్లో పీహెచ్‌డీ చేతికిస్తామన్నారు. రెండు వాయిదాల్లో 1,65,000 రూపాయలు కట్టాను. రెండోదానికి లోను తీశాను. రసీదు మీద 'సర్వీస్ చార్జీలు' అని ఉంది, యూనివర్సిటీ పేరు ఎక్కడా లేదు. అప్పుడే అడగాల్సింది. అడగలేదు, తప్పు నాదే.

అర్హత లేక వాళ్ళ దగ్గరికి పోలేదు నేను. మ్యాథ్స్ ఎమ్మెస్సీ ఉంది, ఎం.ఈడీ.లో 61 శాతం ఉంది. పన్నెండేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను. ఏడో తరగతి పిల్లలు రుణ సంఖ్యల దగ్గర ఎందుకు తడబడతారో చూద్దామని నాలుగేళ్ళుగా వాళ్ళ నోటుబుక్కుల్లోని తప్పులు తేదీలతో సహా రాసిపెట్టుకుంటున్నాను. −3 లోంచి −5 తీసేయమంటే −8 అని వేసే పిల్లాడు ఊరికే వేయడు. వాడి దగ్గర ఒక కారణం ఉంటుంది, అడిగితే చెప్తాడు. ఆ కారణాల మీదే పరిశోధన చేయాలనుకున్నాను.

పోయిన మంగళవారం రాత్రి సినాప్సిస్ (ఏం పరిశోధన చేస్తామో చెప్పే ప్రణాళిక) పంపి, "సంతకం పెట్టి పంపండి మేడమ్" అన్నారు. తెరిచి చూస్తే నా టాపిక్కే కాదు. గణితం పట్ల విద్యార్థుల వైఖరి అంటూ పైన మా జిల్లా పేరుంది, లోపల రెండు చోట్ల వేరే జిల్లా పేరుంది. అనుమానం వచ్చి, దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు అందరికీ ఆన్‌లైన్‌లో దొరికే శోధ్‌గంగలో వెతికాను. అక్కడ ఉంది అసలు థీసిస్. అవే పరికల్పనలు, అంతే మంది పిల్లలు, అవే వాక్యాలు. ఎవరో ఏళ్ళ తరబడి స్కూళ్ళు తిరిగి రాసుకున్నది నా పేరు మీద వేసి పంపారు.

వెంటనే కన్సల్టెన్సీ అతనికి ఫోన్ చేశాను. "ఇది వేరేవాళ్ళది సార్" అన్నాను. "ఎవరు చదువుతారు మేడమ్ ఇవన్నీ? పేరు ముందు డాక్టర్ అని పడితే చాలు కదా" అన్నాడు. నా నోటుబుక్కుల సంగతి చెప్పాను. నవ్వాడు. "పిల్లల తప్పులకి పీహెచ్‌డీ ఎవడిస్తాడు? నిజంగా చదివేవాళ్ళయితే మా దగ్గరికెందుకు వస్తారు మేడమ్?" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ చివరి మాట నన్ను నిద్రపోనివ్వట్లేదు. ఎంట్రన్స్ లేదనగానే నాకు హాయిగా అనిపించిన మాట నిజం. అది తలుచుకుంటే వాడి మీద కన్నా నా మీదే కోపం వస్తోంది.

శుక్రవారం సెలవు పెట్టి, వాళ్ళు చెప్పిన యూనివర్సిటీకి వెళ్ళాను. అక్కడ నా పేరే లేదు.

ఇంటికొచ్చి, యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు చదివాను, కట్టకముందు చదవాల్సినవి. కోర్సువర్కుతో (పరిశోధన కోసం చదవాల్సిన పాఠాలతో) కలిపి మూడేళ్ళకు తక్కువలో ఎవరికీ పీహెచ్‌డీ రాదు. కోర్సువర్కే కనీసం 12 క్రెడిట్లు. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేసిన పీహెచ్‌డీ చెల్లదు. మనలాంటి ఉద్యోగులు పార్ట్‌టైమ్‌లో చేయచ్చు, కానీ మన డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, మిగతా అర్హతలన్నీ అందరితో సమానమే. నెట్ లాంటి జాతీయ పరీక్ష స్కోరో, యూనివర్సిటీ ఎంట్రన్సో లేకుండా సీటు లేదు. ఆ ఎంట్రన్సులో సగం ప్రశ్నలు పరిశోధన పద్ధతుల మీదే ఉంటాయి. చేరాక ప్రతి సెమిస్టరూ సలహా సంఘం ముందు నిలబడి ఏం చేశామో చెప్పాలి. చివర్లో థీసిస్‌ను ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు, ఆపైన వైవా, అంటే నోటి పరీక్ష. ఎవరు చదువుతారన్నాడే, వీళ్ళు చదువుతారు. ఆ తర్వాత అది శోధ్‌గంగలో అందరికీ కనిపిస్తుంది. నేను సంతకం పెట్టి ఉంటే నా దొంగతనం నా పేరుతోనే అక్కడ ఉండేది.

ఇంకోటి. "మా గైడు సార్ దగ్గర ఇప్పుడు నలభై మంది ఉన్నారు" అని గొప్పగా చెప్పారు నాతో. ప్రొఫెసర్ అయినా ఒకేసారి ఎనిమిది మందికి మించి తీసుకోకూడదు. అసోసియేట్ ప్రొఫెసర్ అయితే ఆరుగురు, అసిస్టెంట్ అయితే నలుగురు. ఆ ఒక్క మాటతోనే నాకు అర్థం కావాల్సింది. నిబంధనలు పాటించని యూనివర్సిటీలనూ వదలట్లేదు. రాజస్థాన్‌లో మూడింటిని ఐదేళ్ళ పాటు పీహెచ్‌డీ అడ్మిషన్లు చేయొద్దని 2025 జనవరిలో యూజీసీ ఆపేసింది. అలాంటి చోట ఇరుక్కుంటే డబ్బుతో పాటు మన ఏళ్ళూ పోతాయి.

సైబర్ క్రైమ్ 1930కి ఫోన్ చేశాను, రేపు స్టేషన్లో కూడా ఫిర్యాదు ఇస్తాను. మీరు ఎవరికైనా కట్టేముందు యూనివర్సిటీ రీసెర్చ్ సెక్షన్‌కు మీరే ఫోన్ చేసి అడగండి. ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి.

మా మండలంలోనే ఇంకో ఇద్దరు టీచర్లు మొదటి వాయిదా కట్టారని నిన్న తెలిసింది. వాళ్ళకు రెండో వాయిదా 15వ తేదీన. ఇది చదువుతుంటే, దయచేసి కట్టకండి, ముందు నాకు ఫోన్ చేయండి.