నేపాలీ సారంగి: నగిషీ చూసి కాదు, గొంతు కలిపి చూసి కొనండి

కాఠ్మాండూ థమేల్ వీధుల్లో, పోఖరా లేక్‌సైడ్‌లో సారంగి (వెంట్రుకలు కట్టిన విల్లు లాంటి కమానుతో పలికించే తీగల వాద్యం) వాయిస్తూ అమ్మే గంధర్వులు, అంటే పాటే వృత్తిగా ఉన్న ఒక నేపాలీ కులం వాళ్లు, కనిపిస్తారు. వాళ్ల దగ్గర గోడకు తగిలించుకునేవీ ఉంటాయి, పాటకు పనికొచ్చేవీ ఉంటాయి. చూపుకు రెండూ ఒకటే. కొనేవాళ్లు మోసపోయేది అక్కడే.

హిందుస్తానీ సారంగిని మనసులో పెట్టుకుని వెళ్లొద్దు. దానికి మూడు ప్రధాన తీగలు, వాటి కింద ముప్ఫైకి పైగా అనునాద తీగలు (ప్రధాన తీగలు పలికితే వాటంతట అవే మోగేవి). నేపాలీ సారంగికి ఉన్నవి నాలుగే తీగలు, అనునాద తీగలు అసలు లేవు. ఖిర్రో లాంటి తేలిక కలపను ఒకే దుంగగా తీసుకుని తొలుస్తారు. పొట్ట కింది సగానికి మేకతోలు బిగించి, పై సగం తెరిచే ఉంచుతారు. తీగలకు ఒకప్పుడు జంతువుల పేగు, ఇప్పుడు నైలాన్, స్టీలు.

ఇంత తేలిగ్గా చేయడానికి కారణం ఉంది. గంధర్వులు ఊరూరా తిరిగి, గుమ్మం ముందు నిలబడి కబుర్లను పాటగా చెప్పినవాళ్లు. వాయించే మనిషే పాడాలి. పోఖరా దగ్గరి బాటులేచౌర్‌లో 1935లో పుట్టిన ఝలక్‌మాన్ గంధర్వ పాట విన్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. యుద్ధంలో ప్రాణం పోతున్న సైనికుడు, అమ్మ అడిగితే ఏం చెప్పాలో తోటివాడికి అప్పగించే ఆయన పాటను రేడియో నేపాల్ దేశమంతా వినిపించింది. అందులో సారంగి గొంతును దాటి ముందుకు రాదు, మాట ఆగినచోట అందుకుంటుంది. 2003లో ఆయన పోయారు, రికార్డింగులు ఉన్నాయి. కొనడానికి వెళ్లేముందు రెండు మూడుసార్లు వినండి. ఏ నాదం కోసం వెతుకుతున్నామో చెవికి తెలియాలి.

దుకాణంలో మొదట తోలు చూడండి. వేలితో తడితే బిగుతుగా పలకాలి. గుర్రం (తీగలను ఎత్తిపట్టే చిన్న చెక్క) కింద తోలు గుంట పడి ఉంటే ఆ వాద్యం వదిలేయండి, బేరంలో ఎంత తగ్గించినా సరే. తర్వాత పొట్ట అంచులు, మెడ పొట్టతో కలిసేచోటు. పచ్చి కలపతో చేసినదైతే సన్నటి పగుళ్లు అక్కడే మొదలవుతాయి. రంగు దట్టంగా పూసినవాటిలో అవి కనబడవు కాబట్టి రంగు వేయనిదే మేలు. ఇక గుర్రం పైఅంచు కొంచెం వంపు తిరిగి ఉండాలి. చదునుగా ఉంటే కమాను ఒక తీగ మీద ఆడదు, పక్కదాన్నీ లాగుతుంది.

ఫిడేలులా తీగను మెడకు అదిమి వాయించరు. గోరును పక్కనుంచి తీగకు ఆనిస్తారు. అందుకే మెడ నునుపు కన్నా, తీగకూ మెడకూ మధ్య గోరు ఆడేంత సందు ఉందా అన్నది ముఖ్యం. సందు చాలకపోతే గోరు చెక్కకు తగిలి స్వరం చిట్లుతుంది.

శ్రుతి చేయించి చూడండి. మధ్య రెండు తీగలు ఒకే షడ్జమానికి, అటూ ఇటూ ఉన్నవి పంచమానికి పెట్టడం వాడుక. పావుగంట ఆగి మళ్లీ మీటండి. శ్రుతి దిగిపోతే తప్పు బిరడలది (తీగలు చుట్టి బిగించే మేకులది) కావచ్చు, కొత్త తీగ సాగడమూ కావచ్చు. బిరడ తనంతట తాను వెనక్కి తిరుగుతుంటే కాస్త సుద్దపొడి రాస్తే నిలుస్తుంది. రంధ్రమే వదులైతే సుద్ద పనిచేయదు. చివరగా, అమ్మే ఆయన వాయిస్తుండగా మీరు మెల్లగా ఒక పాట అందుకోండి. మీ గొంతు మీకు వినబడకపోతే అది మీ వాద్యం కాదు. నగిషీలతో ధర పెరుగుతుంది, నాదం పెరగదు.

కొత్త కమాను పలకడం లేదని కంగారు పడొద్దు. వెంట్రుకలకు రోజిన్ (తీగను పట్టేలా రాసే గట్టి బంక) పట్టకపోతే అది జారిపోతుంది, అంతే. పైన్ చెట్టు బంక అయినా, ఫిడేలు రోజిన్ అయినా సరిపోతుంది. మొదటిసారి ఓపిగ్గా, పొడవునా రాయాలి.

విమానంలో తెచ్చేటప్పుడు తీగలను కొంచెం వదులు చేయండి, పూర్తిగా విప్పొద్దు. గుర్రం అంటించి ఉండదు, తీగల బిగువు మీదే నిలబడుతుంది.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో అసలు కష్టం తేమ. వానాకాలంలో తోలు సాగి, గుర్రం దిగి, నాదం మొద్దుబారుతుంది. శ్రుతి పెంచి సరిచేయబోతే తోలు మీద భారం పెరిగి చిరిగే ప్రమాదం ఉంది. ఎండలో పెట్టినా, మంట దగ్గర కాచినా కలప పగులుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, పొడిగా ఉన్న గదిలో ఒకరోజు ఉంచితే తోలు చాలావరకు బిగుసుకుంటుంది. అప్పటికీ బిగియకపోతే కొత్త తోలు వేయించాల్సిందే. ఆ పనికి మృదంగాలకు తోలు బిగించేవాళ్లను అడగండి. పాత తోలును పారేయకుండా వెంట తీసుకెళ్లండి, ఎంత పలచగా ఉండాలో చూపించడానికి.