రోల్20, ఫౌండ్రీ, ఔల్‌బేర్ రోడియో: శనివారం ఆటకు ఏ టేబుల్ మేలు?

రెండేళ్లుగా శనివారం రాత్రి తొమ్మిదింటికి మేం అయిదుగురం ఆన్‌లైన్లో రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఒక్కొక్కరూ ఒక పాత్రగా కథలో సాగే ఆట) ఆడుతున్నాం. రోల్20, ఫౌండ్రీ, ఔల్‌బేర్ రోడియో ఇలాంటి ఆటకు మ్యాప్‌ను, పాచికలను తెర మీద పెట్టే ఆన్‌లైన్ టేబుళ్లు. కథ నడిపే గేమ్ మాస్టర్‌ని నేనే. విజయనగరం కంటోన్మెంట్‌లో మా మేడ గదిలో కూర్చుని నడిపిస్తాను. బావ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలు ముగించుకుని వస్తాడు. పిన్ని కూతురు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది, తన దగ్గర ఉన్నది పాత లాప్‌టాప్. రాజాం స్నేహితుడికి అసలు కంప్యూటరే లేదు, ఫోన్‌లో ఆడతాడు. అయిదోవాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వాడి దగ్గర మంచి గ్రాఫిక్స్ కార్డున్న మిషన్ ఉంది.

సిరిమాను పండగ అయ్యాక కొత్త క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మొదలుపెట్టాలనుకున్నాం. రామతీర్థంలో గురుభక్తులకొండ మీది బౌద్ధ శిథిలాలు చూసొచ్చాక రాసుకున్న కథ ఇది. కొండ, మెట్లు, ఒక గుహ, గుహ లోపల నీటి గుండం. గుహ, గుండం నా కల్పన. ఇన్నాళ్లూ రోల్20 ఉచిత ఖాతాతో నెట్టుకొచ్చాం. ఈసారి ఫౌండ్రీకి మారదామని హైదరాబాద్ వాడు, ఔల్‌బేర్ రోడియో చాలని రాజాం వాడు పట్టుబట్టారు. దాంతో మూడింటి మీదా ఒకే గుహను కట్టి, రెండు నెలల పాటు ఆడించి చూశాను.

అందరూ ముందు అడిగేది వెలుతురు గురించే. డైనమిక్ లైటింగ్‌లో గోడలు, తలుపులు ఎక్కడున్నాయో గేమ్ మాస్టర్ ముందే గీసి పెడతాడు. కాగడా పట్టుకున్న టోకెన్ (మ్యాప్ మీద పాత్రను చూపే బిళ్ల) కదిలే కొద్దీ ఆ పాత్రకు ఎంత కనబడాలో అంతే తెర మీద వెలుగుతుంది. మలుపు తిరిగితే గాని అవతల ఏముందో తెలియదు. చెల్లి పాత్ర కాగడాతో గుహ మలుపు తిరిగి, నీటి గుండం ఒక్కసారిగా కనిపించినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ క్షణం కోసమే ఈ ఫీచర్ కావాలనిపించింది నాకు.

రోల్20లో ఇది డబ్బు కట్టిన ఖాతాలకే వస్తుంది. ఉచిత ఖాతాలో మ్యాప్‌ను కప్పే మసక పొరను (ఫాగ్) మనమే చేత్తో తీయాలి. ఫౌండ్రీలో వెలుతురు ప్రోగ్రాంతో పాటే ఉంటుంది, వేరే ఖర్చు లేదు. ఔల్‌బేర్‌లో డైనమిక్ ఫాగ్ అనే ఎక్స్‌టెన్షన్ చేర్చుకోవాలి. నాణ్యతలో ఫౌండ్రీకి మిగతా రెండూ సాటి రావు.

కానీ పని ఎంతుందో కూడా చెప్పాలి. విజయనగరం కోటలా నలుచదరంగా, నాలుగు మూలలా బురుజులతో ఉండే మ్యాప్‌కు గోడలు గీయడం తేలిక. గుహ గోడలు వంకర టింకరగా ఉంటాయి, నాకు రెండు సాయంత్రాలు పట్టింది. పైగా ఈ వెలుతురు లెక్కంతా ఆడేవాళ్ల మిషన్ మీదే పడుతుంది. మూడో వారం చెల్లి, "అన్నయ్యా, నాకేటీ అగుపడట్లేదు, అంతా ఆగిపోయింది" అంది. తన పాత లాప్‌టాప్ మోయలేకపోయింది, అంతే. ఫౌండ్రీ సెట్టింగుల్లో పెర్ఫార్మెన్స్ మోడ్ అని ఒకటుంది. దాన్ని 'లో' (తక్కువ) స్థాయికి దించి, పీఎన్‌జీ మ్యాప్‌లను ఫైలు సైజు తగ్గే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చాక తన తెర మళ్లీ కదిలింది. ఇలాంటి లాప్‌టాప్‌లు ఉన్న గుంపులు ఆట మొదలవకముందే ఈ రెండు పనులూ చేసుకోవాలి.

చేత్తో మసక తీయడాన్ని తక్కువగా చూడొద్దని నా మనవి. జముకుల కథ చెప్పేవాళ్లు ఎక్కడ ఆపాలో, ఎక్కడ అందుకోవాలో తామే చూసుకుంటారు. ఫాగ్ నా చేతిలో ఉంటే నేనూ అలాగే చేయగలను. "చల్లగాలి వస్తోంది, ఎక్కడో నీటి చప్పుడు" అని రెండు మాటలు చెప్పి, బావ పాత్ర వంగి చూస్తానన్నాకే ఆ మూల తెరుస్తాను. ఆటోమేటిక్ వెలుతురులో ఆ తూకం తప్పుతుంది. నేను నోరు తెరిచేలోపే ఎవరో టోకెన్ లాగేసి గుండం చూసేస్తారు.

వెలుతురు కన్నా నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఫౌండ్రీ 2024లో పన్నెండో వెర్షన్‌తో తెచ్చిన సీన్ రీజియన్లు. మ్యాప్ మీద కొంత చోటుకు గిరి గీసి, టోకెన్ అందులో అడుగుపెడితే ఏం జరగాలో ముందే చెప్పి ఉంచవచ్చు. నేను కొండ మెట్ల చివర ఒక గిరి గీశాను. టోకెన్ అక్కడికి రాగానే గుహ మ్యాప్‌లోకి వెళ్లిపోతుంది. కదిలే రాయి దగ్గర ఇంకో గిరి. దాన్ని తొక్కితే ఆట దానంతటదే పాజ్ అయి, తెర మీద తెలుగులో ఒక మాట తేలుతూ పోతుంది. గుండం చుట్టూ చీకటి చిక్కబడేలా మూడోది పెట్టాను. ఇంతకు ముందు ఇవన్నీ మాడ్యూళ్లు (ఫౌండ్రీకి తగిలించుకునే అదనపు ప్రోగ్రాంలు) వేసో, సెషన్ మధ్యలో గుర్తుపెట్టుకునో చేయాల్సి వచ్చేది. రీజియన్ల వల్ల నేను మౌస్‌ను వదిలి మనుషులతో మాట్లాడగలిగాను. గేమ్ మాస్టర్‌కు ఇంతకన్నా పనికొచ్చే ఫీచర్ నాకు ఈ మూడింటిలో కనిపించలేదు.

రోల్20 కూడా 2024లో తన టేబుల్ ఇంజిన్‌ను కొత్తగా కట్టింది. పెద్ద మ్యాప్ మీద జూమ్ చేసినా, పక్కకు లాగినా తేడా తెలుస్తుంది. అయినా ఒక టోకెన్ తొక్కితే ఏదో జరిగేలా మనమే రాసుకోవాలంటే ప్రో అనే డబ్బు కట్టే ఖాతా, దాని మీద స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాంలు) కావాలి. స్క్రిప్టులు నాకు రావు.

ఇక ఫోన్ సంగతి. రోల్20కి ఫోన్ యాప్ ఉన్నా అది ముఖ్యంగా క్యారెక్టర్ షీట్లకు (పాత్ర వివరాలు రాసుకునే పత్రాలకు), పాచికలకు. ఫౌండ్రీని కంప్యూటర్ తెర కోసమే కట్టారు. ఔల్‌బేర్ అలా కాదు. లింకు పంపితే చాలు, ఆడేవాళ్లకు ఖాతా కూడా అక్కర్లేదు, ఫోన్‌లో వేలితో టోకెన్ జరుపుకోవచ్చు. మా రాజాం వాడు మొదటి రోజే, "ఈపాలి నేనూ మీతో సమానంగా ఆడినాన్రా" అన్నాడు. అంతకు ముందు రెండేళ్లూ వాడి టోకెన్‌ను నేనే జరిపేవాణ్ని. అది వాడికి ఎంత వెలితిగా ఉండేదో ఆ మాటతో గాని నాకు తెలియలేదు.

ఫౌండ్రీ కొనేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది హోస్టింగ్, అంటే ఆట ఏ కంప్యూటర్ మీద నడవాలన్నది. 50 డాలర్లు, మన డబ్బుల్లో నాలుగు వేల పైచిలుకు, ఒక్కసారి గేమ్ మాస్టర్ కడితే చాలు. మిగతావాళ్లు బ్రౌజర్‌లో ఉచితంగా వస్తారు. నెలనెలా డాలర్లు కట్టే బాధ లేదు, మన మ్యాప్‌లు మన కంప్యూటర్‌లోనే ఉంటాయి. కానీ ఆ కంప్యూటరే సర్వర్. ఇంటి నెట్‌లో రౌటర్ దగ్గర 30000 పోర్టు (బయటివాళ్లు లోపలికొచ్చే దారి) తెరవాలి. మన చాలా ఇళ్ల కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో ఇంటి అడ్రస్) ఉండదు. అపార్ట్‌మెంట్ అంతటికీ ఒకటే డోర్ నంబర్ ఇచ్చినట్టు, ఎన్నో ఇళ్లు ఒకే అడ్రస్ వెనక ఉంటాయి. బయటివాడికి మన గుమ్మం దొరకదు. అప్పుడు టన్నెల్ (బయటి సర్వర్ ద్వారా మన కంప్యూటర్‌కు దారి) పెట్టుకోవాలి, లేదా అద్దెకు క్లౌడ్ హోస్టింగ్ తీసుకోవాలి. అద్దె కలిపితే ఒక్కసారి ఖర్చన్న మాట పోయింది.

కరెంటు కూడా చూసుకోవాలి. మా ఇంట్లో సర్వర్ ఉంటే, మా వీధిలో కరెంటు పోయిన క్షణాన అయిదుగురి ఆటా ఆగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మన జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో క్యాంపెయిన్ పెట్టుకునేవాళ్లు ఇంటి సర్వర్‌ను నమ్ముకోవద్దు. సర్వర్ క్లౌడ్‌లో ఉంటే నా కరెంటు పోయినా ఫోన్ హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్‌లోంచి తిరిగి రావచ్చు.

త్రీడీ టేబుళ్ల ఊసు హైదరాబాద్ వాడు ఎత్తుతూనే ఉంటాడు. టేల్‌స్పైర్ చూడడానికి అందంగా ఉంది, కాదనను. డౌన్‌లోడ్, గ్రాఫిక్స్ కార్డు కావాలి కాబట్టి మాలో ముగ్గురు బయటే ఉండిపోతారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను అమ్మే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 2025లో సిగిల్ అనే త్రీడీ టేబుల్ తెచ్చి, కొద్ది వారాలకే దాన్ని కట్టిన బృందంలో చాలామందిని తీసేసింది. ఒక క్యాంపెయిన్‌ను ఏడాది పైగా నడపాలనుకునేవాణ్ని, అలాంటిదాని మీద నేను కథ కట్టుకోలేను. పాచికల్లో మూడింటికీ పెద్ద తేడా లేదు. బావ అయితే ఇప్పటికీ ఇంట్లో నిజం పాచికే వేసి అంకె చెబుతాడు, మేం నమ్ముతాం.

అందరికీ ఓ మాదిరి లాప్‌టాప్ ఉండి, హోస్టింగ్ సంగతి తేల్చుకోగలిగితే ఫౌండ్రీయే మేలు. రీజియన్ల కోసమైనా కొనండి. కొన్నాక క్యాంపెయిన్ మధ్యలో వెర్షన్ మార్చకండి, కొన్ని మాడ్యూళ్లు పనిచేయడం మానేయొచ్చు. కొత్తగా ఆట నేర్చుకుంటూ, షీట్లూ రూల్సూ సిద్ధంగా కావాలనుకునేవాళ్లు రోల్20తో మొదలుపెట్టొచ్చు. గుంపులో ఒక్కరైనా ఫోన్ మీద ఆధారపడి ఉంటే ఔల్‌బేర్.

మేం ఔల్‌బేర్‌తోనే మొదలుపెడుతున్నాం. సంక్రాంతికి బావ తన ఆఫీసు పాత లాప్‌టాప్ రాజాం పంపుతానన్నాడు, అది చేరాక ఫౌండ్రీ కొంటాను. అందుకే ఇప్పుడు గీసే మ్యాప్‌లన్నీ గడికి 100 పిక్సెళ్ల లెక్కన, వెబ్‌పీలో దాచిపెడుతున్నాను. ఫౌండ్రీలో మామూలుగా వచ్చే గడి కొలత అదే కాబట్టి అప్పుడు గోడలు గీసుకుంటే చాలు, గుహ మళ్లీ గీయక్కర్లేదు.