చెట్టుకు కట్టిన చెవి: ధ్వని రికార్డర్‌తో నాలుగేళ్ళు

పక్షులు, కప్పలు, కీటకాలు, గబ్బిలాలు చేసే ధ్వనులను బట్టి ఒక చోట ఏయే జీవులున్నాయో తెలుసుకోవడానికీ, అవి ఒకదానితో ఒకటి ఎలా సంభాషించుకుంటాయో గమనించడానికీ నాలుగేళ్ళుగా నేను అరచేతిలో ఇమిడే ఒక రికార్డర్‌ను వాడుతున్నాను. దీనికి తెర లేదు, స్పీకరు లేదు. ఏ వేళకు మేలుకోవాలో, ఎంతసేపు రికార్డు చేయాలో కంప్యూటరు ద్వారా ముందే చెప్పి, మూడు పెన్సిల్ సెల్లులు వేసి, నీళ్ళు చొరని డబ్బాలో పెట్టి చెట్టుకు కట్టి వస్తే మన పని అయిపోతుంది. మొదటి ఏడాది నేను నిజంగానే అలా అనుకున్నాను.

దీని గొప్పతనం ముందుగా చెప్పడం న్యాయం. మనిషి అడుగుల చప్పుడుకే నోరు మూసుకునే కప్పలు దీని ముందు రాత్రంతా నిస్సంకోచంగా అరుస్తాయి. నేను ఒక్కసారి కూడా కంటితో చూడని చిన్న గుడ్లగూబ ఒకటి, నేను పగలల్లా తిరిగే తోపులోనే కాపురం ఉంటోందని రెండో ఏడాది రికార్డులు విన్నాకే తెలిసింది. అన్ని వేళల్లో, అన్ని వాతావరణాల్లో, విసుగు లేకుండా ఒకే చోట కూర్చుని వినే ఓపిక ఏ పరిశీలకుడికీ ఉండదు.

కొత్తగా వాడేవారు తడబడేది రికార్డింగు వేగం దగ్గర. సెకనుకు ఎన్ని నమూనాలు తీసుకుంటే అందులో సగం పౌనఃపున్యం వరకే ధ్వని పట్టుబడుతుంది కనుక, 48 కిలోహెర్ట్జ్ వేగంతో, అంటే సెకనుకు 48 వేల నమూనాలతో, 24 కిలోహెర్ట్జ్ దాకా వినవచ్చు. పక్షులకూ కప్పలకూ అది చాలు. మన చెవికి అందని గబ్బిలాల అతిధ్వనుల్లో కొన్ని 100 కిలోహెర్ట్జ్ దాటిపోతాయి కాబట్టి వాటికి 256 లేదా 384 కిలోహెర్ట్జ్ పెట్టక తప్పదు. వేగంతో పాటు ఫైళ్ళ బరువూ పెరుగుతుంది. 48 కిలోహెర్ట్జ్ వద్ద 16 బిట్ల రికార్డింగు గంటకు సుమారు 346 మెగాబైట్లు, రోజుకు 8 గిగాబైట్ల పైమాట. అంటే 32 గిగాబైట్ల కార్డు నాలుగు రోజులు తిరగకుండానే నిండిపోతుంది. అదే ప్రతి పది నిమిషాలకు ఒక్క నిమిషం చొప్పున రికార్డు చేయిస్తే నెల దాటినా ఖాళీ మిగులుతుంది.

ఈ రెండు పద్ధతుల్లో ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు మనకు కావలసినదాన్ని బట్టి ఉంటుంది. ఫలానా చోట ఏ జాతులున్నాయన్నదే ప్రశ్న అయితే, వరుసగా ఒక గంట వినడం కంటే రోజంతా చెదురుమదురుగా పడే అరవై నిమిషాలు ఎక్కువ జాతులను పట్టిస్తాయని నా అనుభవం. సంభాషణను గమనించాలంటే మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. ఒక మగ కప్ప అరుపు మొదలుపెట్టగానే పక్కది ఎన్ని క్షణాలు ఆగి అందుకుంటుంది, ఇద్దరూ ఒకేసారి అరిచినప్పుడు ఎవరు తగ్గుతారు అన్నవి నిమిషం ముక్కల్లో తెగిపోతాయి. కనుక నేను సంభాషణ కోసం సాయంత్రం మూడు గంటలు తెరపి లేకుండా, జాతుల లెక్క కోసం మిగిలిన రోజంతా ముక్కలుగా రికార్డు చేయిస్తున్నాను.

రికార్డు చేసినదాన్ని చెవితో వినడం కంటే కంటితో చదవడమే ఎక్కువ. ధ్వనిని కాలం అడ్డంగా, పౌనఃపున్యం నిలువుగా ఉండే బొమ్మగా మార్చే స్పెక్ట్రోగ్రాఫ్‌ను 1940లలో బెల్ ప్రయోగశాలల్లో తయారుచేశారు. 1950లలో జంతుశాస్త్రవేత్త విలియం థార్ప్ దాని సాయంతోనే చాఫించ్ పిట్టలు పాట నేర్చుకునే తీరును అధ్యయనం చేశారు. ఈ బొమ్మలో ఒక చిక్కు ఉంది. ఒక్కో గీతకు 512 నమూనాలు తీసుకుంటే, 48 కిలోహెర్ట్జ్ రికార్డింగులో కాలం సుమారు 11 మిల్లీసెకన్ల మేర స్పష్టంగా, పౌనఃపున్యం 94 హెర్ట్జ్ మేర మొరటుగా కనిపిస్తుంది. 2048 నమూనాలు తీసుకుంటే పౌనఃపున్యం 23 హెర్ట్జ్ దాకా తేటపడుతుంది కానీ కాలం 43 మిల్లీసెకన్ల మేర అలుక్కుపోతుంది. ఏడాదిన్నరపాటు నేను రెండో అమరికతోనే చూసి, ఒకే రకమైన కప్ప అరుపు అనుకున్నదాన్ని మొదటి అమరికతో తిరిగి చూస్తే, అరుపులో పూసల్లా వరుసగా వచ్చే చిన్న ముక్కల మధ్య ఎడం ఒకదానిలో ఎక్కువ, మరొకదానిలో తక్కువ. అవి రెండు వేర్వేరు జాతులు. తప్పు యంత్రానిది కాదు, నాది.

కూత ఏ జాతిదో చెప్పే గుర్తింపు సాఫ్ట్‌వేర్ల విషయానికి వస్తే, వాటిలో బాగా ప్రచారంలో ఉన్నది కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన బర్డ్‌నెట్. అది రికార్డింగును 3 సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు జాతి పేరుతో పాటు 0 నుంచి 1 మధ్య ఒక స్కోరు ఇస్తుంది. 0.8 వస్తే నూటికి ఎనభై పాళ్ళు సరైనదని అర్థం కాదు. ఒక జాతికి 0.4 నమ్మదగినది కావచ్చు, మరొక జాతికి 0.9 కూడా అనుమానించదగినదే కావచ్చు. ఇటువంటి సాఫ్ట్‌వేర్లు రెండు మూడు వాడి చూశాను. పేర్లు అనవసరం, ఎందుకంటే నా ఫిర్యాదు వాటి పనితనం మీద కంటే వాటి జాబితాను యథాతథంగా నమ్మే అలవాటు మీద. ఇప్పుడు నేను ప్రతి జాతికీ యాభై ముక్కలు ఎంపిక లేకుండా తీసి, 2005లో మొదలై ఎందరో ఔత్సాహికులు పక్షికూతలు పంచుకుంటున్న జీనో-కాంటో వెబ్‌సైటులోని రికార్డింగులతో పోల్చి విన్న తరువాతే ఏ స్కోరు దగ్గర గీత గీయాలో నిర్ణయిస్తున్నాను. కొనేముందు ఎవరూ చెప్పని ఖర్చు ఇదే: గంట రికార్డింగు వెనుక మన గంటలు ఎన్నో పోతాయి.

అనుకరించే పక్షులు ఈ లెక్కలను మరింత తికమక పెడతాయి. ఆఫ్రికాలోని కలహారి ప్రాంతపు ఏట్రింతలు (డ్రాంగో పిట్టలు) ముంగిస జాతికి చెందిన మీర్‌కాట్ల హెచ్చరిక కూతలను దొంగిలించి, అవి బెదిరి పారిపోగానే వాటి ఆహారం ఎత్తుకుపోతాయి. లేని జీవిని ఉన్నట్టు చూపుతుంది కనుక జాబితా తయారుచేసేవాడికి ఆ కూత ఒక మోసం. సంభాషణను చదివేవాడికి మాత్రం అంతకంటే విలువైన కూత దొరకదు.

అయితే కూతకు అర్థం ఏమిటన్నది ఈ రికార్డర్ ఒంటరిగా చెప్పలేదు. వెర్వెట్ కోతులు చిరుతకూ, గద్దకూ, పాముకూ వేర్వేరు హెచ్చరికలు చేస్తాయని పరిశోధకులు రాబర్ట్ సేఫర్త్, డొరోతీ చీనీ, పీటర్ మార్లర్ 1980లో నిరూపించగలిగింది, కెన్యాలోని అంబోసెలీలో ఆ కూతలను రికార్డు చేసినందువల్ల మాత్రమే కాదు. శత్రువు లేనప్పుడు వాటిని తిరిగి వినిపించి, కోతులు చెట్టెక్కుతున్నాయా, పైకి చూస్తున్నాయా, కిందికి చూస్తున్నాయా అని కళ్ళతో చూసినందువల్ల. నా రికార్డుల్లో ఒక కూత వెంట మరొకటి వస్తుందని చూపగలను, అది జవాబని అనలేను. తిరిగి వినిపించే ప్రయోగాలు నేను చేయడం లేదు. గూడు కట్టే కాలంలో పక్షులను అవి అనవసరంగా కలవరపెడతాయి.

చిన్న ఇబ్బందులు క్లుప్తంగా చెబుతాను. సెల్లులు మార్చినప్పుడల్లా గడియారం సరిచూసుకోవాలి. ఒక ఋతువులో ప్రపంచమంతటా ఒకటిగా లెక్కించే సార్వత్రిక సమయానికీ (UTC) స్థానిక సమయానికీ తేడా మరచి, వేకువ కూతలు నడిరాత్రి మొదలవుతున్నాయని సంబరపడ్డాను. వాన పడితే రికార్డింగు దాదాపు వృథా. దారిన పోయేవారి మాటలు కూడా పడతాయి కాబట్టి వాటిని గుర్తించి తుడిచివేయడం ఒక బాధ్యతగా పెట్టుకున్నాను.

అసలు ఇబ్బంది నాలుగో ఏడాదిలో బయటపడింది. అంతకుముందు మూడేళ్ళతో పోలిస్తే కీచురాళ్ళ రొద, చిన్న పిట్టల సన్నని కూతలు బాగా తగ్గినట్టు లెక్కలు చూపాయి. జీవవైవిధ్యం తగ్గిపోతోందని రాయడానికి కలం తీశాక, ఎందుకో అనుమానం వచ్చి, అదే రకానికి చెందిన కొత్త రికార్డర్‌ను పాతదాని పక్కన అదే కొమ్మకు వారం రోజులు కట్టాను. కొత్తదానిలో కీచురాళ్ళు నిండుగా ఉన్నాయి; పాతదానిలో అదే క్షణాన 6 కిలోహెర్ట్జ్ పైన మసక తప్ప ఏమీ లేదు. డబ్బా రంధ్రానికి అంటించిన పలుచని పొర మీద మట్టి పేరుకుపోయి ఉంది, మైక్రోఫోను కూడా తేమకు మొద్దుబారింది. తగ్గింది పురుగులు కాదు, చెవి. మూడో ఏడాది ఆ చెవి ఎంత బాగా వినేదో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు కనుక, ఆ పోలికను పూర్తిగా పక్కన పెట్టేశాను. ఇప్పుడు ప్రతి ఋతువు మొదట్లో, చివర్లో ఒకే స్పీకరును మీటరు దూరాన పెట్టి, 1 నుంచి 12 కిలోహెర్ట్జ్ వరకు ఒకే స్థాయి ధ్వనులను వినిపించి, ఆ ఫైలును మిగతా రికార్డులతోపాటే దాచుతున్నాను. కొత్తగా కొన్నవారు చెట్టుకు కట్టకముందే ఆ మొదటి ఫైలు తీసుకోవాలి.